తియ్యనీళ్ళ తోడు

ఏప్రిల్ 3, శుక్రవారం. నీళ్ళ బండి రోజు.

పనులు: తెల్లవారకముందే తొట్టి కడిగాను. ఆరు బిందెల పచ్చినీళ్ళు పట్టాను. రెండు కుండలకు తోడు వేశాను. ఒక పూట వంట. అంట్లు బూడిదతో తోమి పాత చీర ముక్కతో తుడిచాను, నీళ్ళు వాడలేదు. కందులు చెరిగాను. అలివేలుకు తల దువ్వి జడ వేశాను.

మా అమ్మాయి అలివేలు నిన్న సాయంత్రం పురిటికి వచ్చింది. ఎనిమిదో నెల. ప్రయాణానికి కాళ్ళు వాచాయి. అన్నం తింటోంది గానీ నీళ్ళు నోట్లో పోసుకోగానే కక్కేస్తోంది. మా కుండ నీళ్ళు చేదు. తోడు వేసిన నీళ్ళు ఎవరింట్లోనైనా చేదే, అలవాటైన నాలుకకు తెలియదు.

పచ్చినీళ్ళు అలాగే తాగితే ఏమవుతుందో మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా అత్తగారి తరంలో ముప్ఫై ఏళ్ళు దాటితే నడుము నిటారుగా ఉన్న మనిషి లేదు. ఆవిడ చివరి పదేళ్ళూ నేలను చూస్తూనే నడిచింది. తోడు వచ్చాక పుట్టింది కాబట్టి అలివేలు కాళ్ళు చక్కగా ఉన్నాయి. కుండలో గరిటెడు తోడు వేసి గుడ్డ కడితే రాత్రికి రాత్రి అది నీళ్ళలోని విషాన్ని తిని అడుక్కు దిగుతుంది. పొద్దునకు పై నీళ్ళు వంచుకోవచ్చు. ప్రతి పంటకారుకూ డిపో నుంచి కొత్త తోడు తెచ్చుకోవాలని నీటిశాఖ వాళ్ళ నియమం. డిపో రెండు రోజుల నడక. పెరుగుకు తోడు పక్కింట్లో దొరుకుతుంటే ఎవరైనా అంత దూరం పోతారా? మా వీధిలో ఏడేళ్ళుగా ఒకే తోడు ఇంటింటికీ తిరుగుతోంది.

అలివేలు కక్కుతున్న చప్పుడు విని పక్కింటి మంగతాయి వదిన గోడ మీదుగా చెంబు అందించింది.

"ఏమ్మే, కడుపుతో ఉండి ఆ కషాయం తాగుతుండావా? మీ అమ్మకు లెక్కలు దప్ప రుచేం దెలుసు. ఇవి తాగి జూడు."

అలివేలు ఎత్తిన చెంబు దించలేదు. "అమ్మా, ఇవి నీళ్ళేనా? కొబ్బరి బోండంలాగుండాయి."

"ఉగాది మర్నాటి నుంచి నా కుండ ఇట్టా తిరిగింది" అంది వదిన. "నేను జేసిందేం లేదు. కుండ గుణం."

ఊళ్ళో నీళ్ళను మెచ్చుకోవాలంటే ఒకటే మాట, తియ్యటి నీళ్ళు అంటాం. నిజంగా తియ్యగా ఉన్న నీళ్ళు నేను తాగడం ఇదే మొదలు. వదిన గిన్నెడు తోడు ఇచ్చింది. తోడు అడిగితే లేదనకూడదు, తెచ్చుకున్న గిన్నె వట్టిగా తిరిగి ఇవ్వకూడదు. దోసెడు జొన్నలు పోసి ఇచ్చాను. నా పాత తోడు పెరట్లో పారబోశాను.

ఏప్రిల్ 8, బుధవారం.

పనులు: వంట, రెండు పూటలు. పొడులు కొట్టాను. పొత్తిగుడ్డలు చించి అంచులు కుట్టాను, పన్నెండు.

కుండలు తిరిగాయి, కొత్త తోడు పట్టింది. రెండూ తియ్యగానే ఉన్నాయి. అలివేలు కక్కడం మానింది. ముఖం తేటపడింది. నా కుండ నుంచి మూడిళ్ళకు తోడు ఇచ్చాను, వదిన ఎంతమందికి ఇచ్చిందో ఆమెకే తెలియదు. పొద్దునే ఆమె వాకిట్లో పేరంటంలా ఉంటోంది. ప్రతి గిన్నెకూ ఆమె ఒక మాట చేరుస్తుంది. "మీ ఆయనకు ముందు బొయ్యి. తియ్యటి నీళ్ళు దాగితే తియ్యగా మాట్లాడతాడేమో."

ఏప్రిల్ 15, బుధవారం. బండి రోజు.

పనులు: తొట్టి కడగబోతే అడుగున ఇంకా బిందెన్నర నీళ్ళు. పోయిన బండివి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ మిగలలేదు. పెరట్లో గోంగూర మడి కట్టి పోశాను.

బండికి మనిషి ఉండడు. అదే వచ్చి ప్రతి గుమ్మం ముందూ ఆగి, తొట్టిలో కొలకర్ర ముంచి, మిగిలింది చూసుకుని పోస్తుంది. ఈరోజు వీధిలో ఏ తొట్టీ ఖాళీగా లేదు. వీధంతా గోంగూర మళ్ళే. ఇన్నాళ్ళూ ఎంత వృథాగా తాగామో అని ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

మధ్యాహ్నం కట్ట కింద ఉండే పోలమ్మ డిపో నుంచి తోడు కుండ నెత్తిన పెట్టుకుని వస్తూ మా చూరు నీడన ఆగింది. కట్ట కింద వాళ్ళు సముద్రం ఊళ్ళను మింగినప్పుడు ఇటు వచ్చారు. పదేళ్ళవుతోంది. వాళ్ళతో మా వీధికి తోడు ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు. ఇవ్వకూడదని ఎవరూ అనలేదు, ఎవరూ ఇవ్వనూ లేదు.

"ఎండన బడి రెండు రోజులు నడుస్తారు, ఎందుకే ఆ తిప్పలు?" అంది వదిన గోడ దగ్గర నిలబడి.

"మీరు గరిటెడు ఇస్తే నడవను" అంది పోలమ్మ నవ్వుతూనే.

వదినా నవ్వింది. గరిటె మాత్రం కదల్లేదు. నేనూ కదల్లేదు. అలివేలు లేచి ఆమె దోసిట్లోకి చెంబుడు నీళ్ళు వంచింది. పోలమ్మ తాగి, పెదాలు చప్పరించి, ఏదో అడగబోయి మానేసి కుండ ఎత్తుకుంది.

ఏప్రిల్ 23, గురువారం. బండి రోజు.

పనులు: నాలుగు బిందెలు పట్టాను. ఆరు కాదు. గోంగూర తొలి కోత, పచ్చడి. పురిటి గది అలికాను.

బండి వీధి మొదట్లో ఆగి చెప్పింది: "నీటి పొదుపులో ఈ వీధి మండలంలో మొదటి స్థానం సాధించింది. అభినందనలు." ఒక రేకు పలక కూడా ఇచ్చింది. మంగతాయి వదిన గుమ్మానికి కొట్టించుకుంది, ఎవరూ కాదనలేదు. మిగులుతున్న చోట వాటా తగ్గించి చాలని ఊళ్ళకు పంపుతారట. న్యాయమే అనిపించింది.

చివరింటి ముసలాయన అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. మాట తడబడుతోంది. ఎండదెబ్బ అన్నారు. అలివేలుకు రెండు రోజులుగా తలనొప్పి. దానికీ ఎండే అనుకుంటున్నాం.

ఏప్రిల్ 26, ఆదివారం.

పనులు: వంట కాలేదు. నిన్నటి సంకటి తిన్నాం.

తెల్లవారి అలివేలు, బిడ్డ సరిగా తిరగడం లేదంది. పంచాయతీ గదిలో ఉన్న ఆరోగ్య పెట్టె దగ్గరకు తీసుకుపోయాను. అది పొట్ట మీద పట్టీ చుట్టి చూసింది.

"ఉమ్మనీరు తక్కువగా ఉంది. బిడ్డ కదలిక తక్కువగా ఉంది. గర్భిణి నీళ్ళు ఎక్కువగా తీసుకోవాలి."

"ఎన్ని తాగాలి?" అని అడిగాను.

"దాహం వేసినప్పుడల్లా తాగాలి."

"దాహం వేయకపోతే?"

పెట్టె, "దాహం వేయకపోతే ఒంట్లో నీరు సరిపోయిందని అర్థం" అంది.

పట్నం ఆసుపత్రి బండికి పేరు రాయించాను. మా ముందు పద్దెనిమిది మంది ఉన్నారు.

ఇంటికి వచ్చి అలివేలును అడిగాను, నిన్న పొద్దుటి నుంచి ఎన్ని చెంబులు తాగావని. దానికి గుర్తు లేదు. కుండ గుడ్డ విప్పి చూశాను. మొన్న పొద్దున వంచిన నీళ్ళలో ఇద్దరం కలిసి చెంబున్నర తాగాం. నిన్న నేనెన్ని తాగానో ఆలోచించాను. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నది గుర్తుంది. తాగింది గుర్తు లేదు.

ఏప్రిల్ 28, మంగళవారం.

పనులు: వంట, మూడు పూటలు. ఆయన దుప్పటి, రెండు జతల బట్టలు ఎండలో దులిపి ఆరేశాను.

మా ఆయన మాలకొండయ్య సోలార్ పలకల చేను నుంచి వచ్చారు. నెలకు నాలుగు రోజులు సెలవు. పలకలను పొడి కుంచెతో తుడిచే పని. మంగతాయి వదిన పెనిమిటి నాగయ్య కూడా అక్కడే, ఆయనకు సెలవు వచ్చే నెల. గుమ్మంలో అడుగు పెడుతూనే ఈయన మూడు చెంబులు నిలబడి తాగారు.

"ఏందే, నీళ్ళలో బెల్లమేసినావా?"

మంగతాయి వదిన తోడు అన్నాను.

"పన్లోకి బొయ్యేటప్పుడు నాకూ గిన్నెడు కట్టియ్యి. అక్కడ డిపో తోడు, నాలుక మీద వేపచెట్టు మొలుస్తాంది."

ఏప్రిల్ 30, గురువారం.

పనులు: పప్పు, గోంగూర. అలివేలుకు ఆరు చెంబులు పట్టాలని కూర్చుంటే మూడు తాగింది. దాని దగ్గర నుంచి లేవలేదు.

ఆయన పొద్దుటి నుంచి కప్పు రేకులు సర్ది మిట్టమధ్యాహ్నం దిగారు. రేకు మీద చెయ్యి పెడితే కాలుతోంది. చెంబు అందించాను.

"ఇప్పుడొద్దులే."

"నాలుగు గంటలు ఎండలో ఉన్నారు. దప్పిక కాలేదా?"

"కాలా" అన్నారు. అని, చెంబు వంక చూశారు. "వచ్చిన రోజు మూడు తాగినా గదా?"

ఆయన చేనులో ఉన్నన్నాళ్ళూ గంటకోసారి నీళ్ళ డ్రమ్ము దగ్గరకు నడిచే మనిషి. మా కుండ నీళ్ళు రెండు రోజులు తాగాక చెంబు వద్దంటున్నారు. అలివేలు వచ్చినప్పుడు దానికి దప్పిక ఉంది. కక్కుతూ కూడా అడిగేది. అది అడగడం ఎప్పుడు మానిందో నేను గమనించలేదు. పోరు తగ్గిందని సంతోషించాను.

"నీళ్ళు ఒంట్లోకి పోవడం లేదా?" అన్నాను.

"పోతాండాయి. ఇంకా కావాలని ఒళ్ళు చెప్పడం మానేసింది" అన్నారు ఆయన. లేచి చెంబు తీసుకుని, మందు తాగినట్టు కళ్ళు మూసుకుని తాగారు.

మే 1, శుక్రవారం. బండి రోజు.

పనులు: తోడు వేసిన కుండలు రెండూ వంచేసి పగలగొట్టాను. పెంకులు గోతిలో పూడ్చాను. కొత్త కుండ ఒకటి కుమ్మరింటి నుంచి తెచ్చాను. నాలుగు బిందెల పచ్చినీళ్ళు, తోడు లేదు. డిపో తోడు కావాలని బండిని అడిగాను. "ఈ కారు పంపిణీ ముగిసింది. వచ్చే కారుకు పేరు నమోదు చేయాలా?" అంది. వచ్చే కారు అంటే అలివేలు బిడ్డకు అన్నప్రాశన అయ్యే వేళ.

పెంకుల చప్పుడుకు మంగతాయి వదిన వచ్చింది.

"నా తోడు పారబోసినావంట గదా."

"పారబోశాను వదినా. నువ్వూ పారబొయ్యి. ఆ నీళ్ళతో దప్పిక చచ్చిపోతోంది. పొద్దుటి నుంచి నువ్వెన్ని తాగావో చెప్పు."

"దప్పిక్కాకపోతే తాగేదేంది?" ఆమె అరుగు మీద కూర్చుంది. కూర్చోవడానికి గోడ పట్టుకుంది. "మా అమ్మ ఎట్టా పోయిందో నీకు దెలుసు. రెండు గుక్కల కోసం నేను చెంబు పట్టుకుని మూడిళ్ళు దిరిగినా. ఒక్కింట్లో తలుపు దియ్యలా. నీళ్ళు, నీళ్ళు అంటానే పోయింది. ఆ దప్పిక మనూళ్ళోంచి బోయిందంటే పీడ బోయిందని మొక్కుకుంటా గానీ, ఏడ్చేదాన్ని నిన్నే జూస్తుండా."

"నీ పెదాలు చూసుకో. చీలి నెత్తురు కారుతోంది."

"ఎండలు." చీర చెంగుతో తుడుచుకుంది. "నీకు అచ్చిరాకపోతే మానుకో. నా కుండ మంచిది కాదని వీధిలో జెప్పుకుంట దిరగబాక."

చెప్పాను. వీధిలో ప్రతి ఇంటికీ పోయి చెప్పాను. విన్నవాళ్ళందరూ తల ఊపారు. కుండ కదిపినవాళ్ళు లేరు. చివరింట్లో ముసలాయన పడుకునే ఉన్నాడు. ఆయన కోడలు, "మామ ఇప్పుడు బో నిమ్మళంగా ఉండాడు పిన్నీ, నీళ్ళని కూడా లేపడంలా" అంది.

మే 2, శనివారం.

పనులు: ఆయనను తెల్లవారి చేనుకు పంపాను. అక్కడ దప్పిక తిరిగి వస్తే కబురు చేయమన్నాను. నేను కట్ట కిందకు పోయాను.

పోలమ్మ వల అల్లే దారంతో బుట్ట అల్లుతోంది. చేపలు లేని ఊళ్ళో ఆ చేతులు ఇంకా వల ముళ్ళే వేస్తున్నాయి. నేను విషయం చెప్పకముందే అంది: "ఆ పొద్దు నీ కూతురు పోసిన నీళ్ళు దాగినాక కట్ట దాకా దప్పిగ్గాలేదక్కా. అంత ఎండలో. నాకు బయమేసింది."

"అప్పుడే చెప్పాల్సింది."

"నువ్వు వినుంటావా?"

గిన్నె ముందు పెట్టాను. అందులో జొన్నలు ఉన్నాయి.

పోలమ్మ జొన్నలు ఒళ్ళో పోసుకుని చూసింది. "కారు మధ్యలో గరిటెడు తీస్తే నా కుండ పలచబడుద్ది. ఇంకో రెండు దోసిళ్ళు పంపు. నీ కూతురుకే గదా." తోడు గరిటెతో పోసింది. "మొదటి కుండ పారబొయ్యి. రెండోదీ పారబొయ్యి. కొత్త మట్టి దీన్ని పట్టుకోవాల. మూడోదే తాగాల. ఆత్రపడి ముందు దాగిస్తే పచ్చినీళ్ళతో సమానం."

మూడో కుండ తిరిగేదాకా అలివేలుకు తన కుండ నీళ్ళే రోజుకొక బిందె తెచ్చుకోమంది, ఈరోజుది మోసుకొచ్చాను. జొన్నలు సాయంత్రమే పంపాను.

మే 5, మంగళవారం. బండి రోజు.

పనులు: మూడు బిందెలు పట్టాను. మళ్ళీ తగ్గించారు. రెండో కుండ పారబోశాను. మూడోదానికి తోడు వేశాను. అలివేలుకు గంటకు ఒక గ్లాసు, పళ్ళెం మోగించి పట్టాను. తొమ్మిది తాగింది, ఒకటి కక్కింది.

పోలమ్మ ఇంట్లోనూ వాటా అంతంతే. ఇక అక్కడి నుంచి మోయలేను. పారబోతలకు పోగా తొట్టిలో ఒక బిందె మిగిలింది. తొమ్మిదో తారీకు దాకా అదే. ఏం చేయాలో తోచక తొట్టి దగ్గర నిలబడి ఉన్నాను. గోడ అవతల నుంచి మంగతాయి వదిన పిలిచింది. కుండలు పగలగొట్టిన రోజు తర్వాత మాట్లాడడం ఇదే మొదలు.

"నా తొట్టి నిండా ఉండాయి. నేనేం జేసుకుంటా, ఒక్కదాన్ని. బిందె దెచ్చి ముంచుకో."

"వదినా..."

"నీ మీద కోపం నీ మీదే ఉంది. పిల్ల మీద లేదు. బాకీ కింద రాసుకో, నీకా పిచ్చి ఉంది గదా."

రెండు బిందెలు ముంచుకున్నాను. రాశాను.

మే 9, శనివారం. బండి రోజు.

పనులు: మూడు బిందెలు పట్టాను, వదిన దగ్గర రెండు ముంచాను. మూడో కుండ తిరిగింది. చేదు. అలివేలు ముక్కు మూసుకుని తాగుతోంది.

"అమ్మా, బిడ్డకు ఈత నేర్పిస్తుండావా ఏంది?"

"తాగు."

బిందె ముంచడానికి పోయిన ప్రతిసారీ మా చేదునీళ్ళు గ్లాసుడు పట్టుకుపోతున్నాను. నేను ముందు నిలబడితేనే వదిన ముట్టుకుంటుంది. ఈరోజు ఒక గుక్క పుక్కిలించి పాదుల్లో ఉమ్మింది.

"ఇదేం తాగడమే. ఇంకోసారి ఇది దెచ్చినావంటే నీకు బిందె ముంచనియ్యను, జూడు."

నవ్వుతూనే అంది. నవ్వినప్పుడు పెదవి మళ్ళీ చీలింది. నేను ఇంటికి వచ్చి చాలాసేపు ఆ మాటే ఆలోచించాను. ఆమె నవ్వుతాలకే అని ఉంటుంది. కాకపోతే? అలివేలుకు ఇంకా వారం ఉంది.

మే 12, మంగళవారం.

పనులు: అలివేలుకు పదకొండు గ్లాసులు. నాకు నేను ఆరు.

ఆరోగ్య పెట్టె ఉమ్మనీరు కొంచెం పెరిగిందని చెప్పింది. బిడ్డ కాలితో తన్నితే పట్టీ మీద కనిపించింది. ఆసుపత్రి బండికి మా ముందు ఇంకా పదిమంది.

చేను నుంచి కబురు వచ్చింది. ఆయనకు దప్పిక తిరిగి వచ్చిందట, వారం పట్టిందట. రెండు రోజులు తాగినదానికి వారం. నేను తాగింది నాలుగు వారాలు. మంగతాయి వదిన ఉగాది మర్నాటి నుంచి తాగుతోంది.

మే 13, బుధవారం. బండి రోజు.

పనులు: మూడు బిందెలు పట్టాను, వదిన దగ్గర ఒకటి. గ్లాసు తీసుకుపోలేదు.

మే 14, గురువారం.

పనులు: పనులన్నీ ఒకటే.

పొద్దు పొడిచాక ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువ. కాళ్ళు నిటారుగా ఉన్నాయి. అలివేలు క్షేమం. ఉమ్మనీరు పచ్చబారి కొంచెమే పోయింది, ఇంకా తక్కువై ఉంటే ఏమయ్యేదో పెట్టె చెప్పింది. ఇక్కడ రాయను.

మంగతాయి వదిన మొదటి నొప్పి నుంచి పక్కనే కూర్చుంది. అలివేలు నడుం పట్టింది. బిడ్డను తుడిచి నా చేతిలో పెడుతూ, "నీ ముక్కే వచ్చింది, పాపం" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. పట్టిన చోట చర్మం ముడతపడి, వదిలాక కూడా అలాగే నిలబడింది.

"వదినా, ఈ గ్లాసు తాగు. నా కోసం."

"తాగుతాలే. ఆడ బెట్టు."

బిడ్డ పనిలో పడ్డాను. సాయంత్రం చూస్తే గ్లాసు నిండుగా అక్కడే ఉంది. ఆమె ఎప్పుడు ఇంటికి పోయిందో తెలియదు.

మే 17, ఆదివారం. బండి రోజు.

పనులు: తొట్టి కడగలేదు, అడుగున రెండు బిందెలు ఉన్నాయి. మూడు బిందెలు పట్టాను. బిడ్డకు పాలు, గంట చూసి. పాలకు ఏడవడం లేదు, లేపి నోటికి అందించాలి. అందిస్తే తాగుతుంది.

బండి మంగతాయి వదిన గుమ్మం ముందు ఆగి, తొట్టిలో కర్ర ముంచి, "ఈ ఇంటి వాడకం మరింత తగ్గింది. అభినందనలు" అని కొంచెం పోసి వెళ్ళిపోయింది. ఆమె బయటకు రాలేదు. పోయి తలుపు తోశాను. కుండ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళు చల్లబడింది. కుండ నిండా నీళ్ళు, మూతి దాకా. పైన చెంబు బోర్లించి ఉంది.

చేనుకు కబురు పంపాను. నాగయ్య అన్న రేపు వస్తాడు.

ఆడవాళ్ళు వచ్చారు. ఏడ్చారు, నిజంగానే ఏడ్చారు. కళ్ళలో నీళ్ళు రాలేదు, ఎవరికీ. నాకూ రాలేదు. ప్రతి ఒక్కరి చెంగు చాటున చిన్న గిన్నె ఉంది. ముత్తైదువుగా పోయింది, ఆమె చేతి తోడు ఇంట్లో ఉంటే మంచిదని. ఒకరి తర్వాత ఒకరు కుండలో గరిటె ముంచుకున్నారు.

"వద్దు. దానితోనే పోయింది" అన్నాను.

"పోయినామె గురించి అట్టా అనబాక పిన్నీ" అంది చివరింటి కోడలు. దాని పెదాలు తెల్లగా పొక్కులెత్తి ఉన్నాయి.

మా ఊళ్ళో శవానికి తడిగుడ్డతో తుడవడమే స్నానం. నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో ఎవరూ చెప్పలేరు. నేను ఇంటికి పోయి బిందె ఎత్తాను. పురిటి మంచం మీద నుంచి అలివేలు చూసింది.

"ఎన్ని దీసుకుపోతావు?"

"అయిదు."

"మనకు?"

"కుండలో తిరిగినవి ఉన్నాయి. రెండు రోజులు వస్తాయి. తర్వాత పోలమ్మను అడుగుతాను."

అది బిడ్డను పాలకు లేపింది.

వదిన తొట్టిలో నీళ్ళు ఉన్నాయి కదా, వాటితో పోయరాదా అన్నారు ఆడవాళ్ళు. అవి ఆమెవి. వాటితో పోస్తే ఇచ్చినట్టు కాదు. పైగా రేపు నాగయ్య అన్న దప్పికతో వస్తాడు, ఆయనకు ఉండాలి. మా తొట్టి నుంచే మోశాను. తల మీద నుంచి పోశాను, జుట్టు పాయలు తీసి పోశాను, పాదాల పగుళ్ళలో మట్టి పోయేదాకా పోశాను. నీళ్ళు చర్మం మీద నిలవలేదు, నేల మీద కూడా నిలవలేదు. వీధి వీధంతా నిలబడి చూసింది. ఇన్ని నీళ్ళు పారుతుంటే ఒక్కరూ పెదాలు తడుపుకోలేదు.

పోయడం అయ్యాక లోపలికి పోయి ఆ కుండ తెచ్చి వాకిట్లో పగలగొట్టాను. ఎలాగూ కుండ కొట్టాల్సిందే. ఎవరూ అడ్డురాలేదు.

"పోనీలే పిన్నీ" అంది చివరింటి కోడలు, గిన్నె చెంగు కింద సర్దుకుంటూ. "మాకందరికీ అందింది."

మంగతాయి వదిన దగ్గర చేబదులు, పచ్చినీళ్ళు: అయిదు బిందెలు. తిరిగి పోసినవి: అయిదు. బాకీ తీరింది.